పెద్దమ్మ కాగబెట్టిన నీళ్లు

మొన్న ఖమ్మంలో కడుపు డాక్టరు నా రిపోర్టులన్నీ తిరగేసి, వయసులో ఉన్నప్పుడు ఎప్పుడైనా వాంతులు, విరేచనాలతో మంచం పట్టారా అని అడిగాడు. పేగుపూత వచ్చిన కొందరికి వెనకెప్పుడో అలాంటి జబ్బు చేసి ఉంటుందట. నాకూ అదే కారణమని మాత్రం ఖాయంగా చెప్పలేనన్నాడు. మందుల చీటీ పట్టుకుని బయటికి వచ్చానే గానీ, మనసు ములకలపల్లి అడవి దారి పట్టింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేనక్కడ ఏఎన్‌ఎంగా పనిచేసేదాన్ని. బస్సు దిగి, టీకాల డబ్బా భుజాన వేసుకుని, చెప్పులు చేతబట్టుకుని వాగు దాటితే ఊళ్లో మొదటి ఇల్లు పెద్దమ్మది. ఆమె నాకు చుట్టమేమీ కాదు, పిలుపుతో కలిసిన వరస. ఆ ఊళ్లో గడప తొక్కిన మనిషికి ముందు చెంబెడు నీళ్లిస్తారు, ఆ తర్వాతే మాటలు. వాగు ఇసుకలో తీసిన చెలమ నీళ్లు, ఎంత చల్లగా ఉండేవో! నేనేమో వాటిని గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, నీళ్లు కాచి చల్లార్చి తాగాలమ్మా అని అందరికీ పాఠం చెప్పేదాన్ని. వాళ్లు నవ్వక ఏం చేస్తారు? వద్దంటే పెద్దమ్మ చిన్నబుచ్చుకుంటుందని నా బెదురు. అంతకన్నా నిజం, నాకు దాహం.

ఒక వానాకాలం ఊరంతటికీ విరేచనాలు పట్టుకున్నాయి. ఇంటింటా ఓఆర్‌ఎస్ కలిపి తాగిస్తూ తిరిగిన నేనే నాలుగోరోజు పడిపోయాను. దవాఖానాలో సెలైన్లు ఎక్కించుకుని లేచి తిరిగాను గానీ, ఆ తర్వాత నా కడుపు మునుపటిలా లేదు. నెల తర్వాత మళ్లీ ఆ ఊరు వెళ్లి, పెద్దమ్మ చెంబు అందిస్తుంటే సంచిలోంచి నా నీళ్ల సీసా తీశాను.

“ఏంది నర్సమ్మా, మా నీళ్లు చేదైనయా?” అంది నవ్వుతూనే.

మరుసటి వారం వెళ్లేసరికి అరుగు మీద కొత్త ముంత, దాని మీద మూత. “నీ కోసమే కాగబెట్టి సల్లార్చిన బిడ్డా, తాగు” అంది. నేను ఏళ్ల తరబడి గొంతు చించుకున్నా ఎవరూ వినని మాట ఆమె నా కోసం విన్నది. నాకేమో సరిగ్గా మరిగాయో లేదో అని అనుమానం. దాహం లేదు పెద్దమ్మా అన్నాను. ఆమె ముంత మీద మళ్లీ మూత పెట్టింది. వాగు దాటాక చెట్టు చాటున నిలబడి నా సీసాలో నీళ్లన్నీ గటగటా తాగేశాను. తర్వాత ముదిగొండ వైపు బదిలీ అయింది. పెద్దమ్మ పోయిన సంగతి కూడా ఏడాది దాటాక ఎవరో చెబితే తెలిసింది.

ఇప్పుడు ఆ ఊళ్లోనూ ఇంటింటికీ క్యాన్ నీళ్లు వస్తున్నాయట. మంచిదే, పిల్లల కడుపులు చల్లగా ఉంటాయి. ఇప్పుడు ఎవరింటికి ఎవరు వెళ్లినా సీసా వెంట పెట్టుకునే వెళ్తున్నారు, ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ ఎందుకని అడగరు. డాక్టరు తినొద్దన్న వాటి జాబితా చాలా పొడుగ్గా ఉంది, వాటి మీద నాకంత బెంగ లేదు. ఆ అరుగు మీద కూర్చుని ఆ ముంత ఒక్కసారి ఎత్తి తాగాలని మాత్రం ప్రాణం కొట్టుకుంటుంది. ఆ రోజు ఒక్క గుక్క తాగి ఉంటే నా కడుపుకు కొత్తగా వచ్చే నష్టమేముంది, ఆమె సంతోషించేది.