మంచు కురిపించే మొదెస్తో

దోన్ మొదెస్తో బుద్ధెరిగాక మనిషన్నవాడికి అబద్ధం చెప్పలేదు. అబద్ధాలన్నీ కార్లలో ఉండే కంప్యూటర్లకే చెప్పాడు.

మనుషుల దగ్గర ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు. చావింటికి వెళ్ళి, "పోయినాయన మంచివాడే, నా పన్నెండో నంబరు పానా మాత్రం తిరిగివ్వలేదు" అన్నాడు. చర్చిలో ఫాదర్ తన ప్రసంగం ఎలా ఉందని ముచ్చటపడి అడిగితే, "పోయిన ఆదివారం నిద్ర ఇంకా బాగా పట్టింది" అన్నాడు. పోన్సే పట్టణంలో ఆయన్ని భోజనానికి పిలిచే ధైర్యం ఏ ఇల్లాలికీ లేదు. అంతటి సత్యసంధుడూ కారు బానెట్ ఎత్తేసరికి పచ్చి అబద్ధాలకోరు అయిపోయేవాడు.

ఆయన దగ్గరికి వచ్చేవన్నీ ఒకే బాపతు కార్లు. కంపెనీ ఇచ్చిన చిన్న ఇంజన్‌కి తుక్కు దుకాణంలో దొరికిన సూపర్‌చార్జర్ బిగించినవి. అది బెల్టుతో తిరుగుతూ ఇంజన్ నోట్లో గాలి కుక్కుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. పెరగకపోతే లోపల మంట మితిమీరి పిస్టన్ జల్లెడైపోతుంది. పెట్రోలు వడ్డించే కంప్యూటర్‌కేమో ఇంటికి ఈ కొత్త అల్లుడు వచ్చిన సంగతే తెలియదు. పాత లెక్క ప్రకారం గరిటెడు పోసి ఊరుకుంటుంది.

"ఆ కంప్యూటర్ పీకేసి కొత్తది పెట్టు మేస్త్రీ!" అనేవారు కుర్రాళ్ళు.

"దాని బుద్ధి మంచిదేరా. లోకం తెలీదు, అంతే. అమాయకుణ్ణి ఇంట్లోంచి గెంటేస్తామా?"

"మరేం చేస్తావ్?"

"అబద్ధం చెప్తా."

ఇంజన్ వేడి ఎంతో కంప్యూటర్‌కి మోసుకెళ్ళే తీగ మధ్యలో ఆయన గోరంత రెసిస్టర్ అతికేవాడు. దాంతో, ఇంజన్ చలికి గడ్డకట్టుకుపోతోందని కంప్యూటర్‌కి కబురందేది. అది జాలిపడి మరో రెండు గరిటెలు పోసేది. ఫ్రిజ్‌లో తప్ప మంచు ఎరగని ద్వీపంలో, మధ్యాహ్నపుటెండలో, ఆయన ఆ పెట్టె మీద చెయ్యి వేసి, "చలి నాయనా, చలి. ఇంకాస్త పొయ్యి" అని బుజ్జగిస్తుంటే చూడటానికి జనం కాఫీ కప్పులతో సహా వచ్చేవారు. ఆయన చెయ్యిపడిన కారులో మర్చిపోయిన ఐస్‌క్రీం బుధవారానికి కూడా కరగలేదని ఒకడు ఒట్టేసి చెప్పాడు. వెనకసీట్లో కూర్చున్న అత్తగారికి రొంప పట్టిందని ఇంకొకడు సంబరపడ్డాడు.

కుర్రాళ్ళు ఉన్ని టోపీలు పెట్టుకొచ్చి గరాజ్ ముందు వణికేవారు. "మేస్త్రీ, చలిమంట వెయ్యమంటావా?"

"వేద్దాం. నీ బుర్రలో గడ్డి పట్రా."

ఆయన కార్లకు ఉన్న లోపమల్లా పొగ. అబద్ధం మోతాదు ఎక్కువై కార్లు వెనక నుంచి నల్లగా కక్కుతూ పోయేవి. వాటి మీద ఊళ్ళో ఇంకో గుసగుస కూడా ఉండేది. గాలి పెరిగినకొద్దీ పెట్రోలు ఒత్తిడి పెంచేందుకు ఆయన ఒక బుడిపె బిగించేవాడు. దాని నెత్తిన ఇత్తడి స్క్రూ ఒకటి మెరుస్తూ ఉండేది. దాన్ని వదులు చేస్తే పెట్రోలు తగ్గుతుందనీ, ముసలాయన పిరికితనం వదిలి కారు లేస్తుందనీ ఆ గుసగుస సారాంశం.

ఒవీదియో ఆ గుసగుస విన్నాడు. అతను బేకరీ రొట్టెలు కొండ మీది ఊళ్ళకు చేర్చేవాడు. రొట్టె వేడివేడిగా అందాలన్న సాకుతో తన కారుకి సూపర్‌చార్జర్ పెట్టించుకున్నాడు. వేగం ఎంతో గాని, మొదటి వంకర దగ్గరే రొట్టెలన్నీ ఒక మూలకు చేరేవి. ఆ కారే అతని బతుకు. ఇంజన్ పోతే సోమవారం రొట్టె పోదు, రొట్టె పోకపోతే బేకరీవాళ్ళు ఇంకొకణ్ణి చూసుకుంటారు. ఇదంతా తెలిసే, పాత పంచదార మిల్లు వెనక రోడ్డు మీద ఆదివారం పందేనికి చాగో అనేవాడితో సై అన్నాడు.

కారణం చాగో నోరు. చాగో తన కారు తనే సవరించుకున్నాడు, పొగ రాదు. "నీ కారు వెళ్తుంటే మా ఆవిడ ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుపోతోంది బావా!" అన్నాడు అందరి ముందూ.

శనివారం దోన్ మొదెస్తో ఒవీదియోకి పరీక్ష నేర్పాడు. "పూర్తిగా తొక్కి, ఆ ఊపులోనే ఇంజన్ ఆపెయ్యి. దొర్లుకుంటూ పోయి ఆగు. అక్కడికక్కడే స్పార్క్ ప్లగ్గు విప్పి చూడు. బిస్కెట్ రంగుంటే నీ ఇంజన్ క్షేమం. తెల్లగా ఉంటే పెట్రోలు చాలనట్టు, పెళ్ళాంతో చెప్పుకో. ఇంటిదాకా తాపీగా తోలుకొచ్చి మాత్రం చూడకు. నెమ్మదిగా తిరిగే ఇంజన్ ఏ ప్లగ్గునైనా మసి చేస్తుంది."

"నాకు తెలీదా మేస్త్రీ?"

తెలుసు. తెలిసే, పెళ్ళి ఊరేగింపు వెనక ముప్పావుగంట నత్తనడక నడిచి ఇంటికొచ్చి, ప్లగ్గు విప్పాడు. బొగ్గు.

"చూశావా సుల్మా? పెట్రోలు ముంచేశాడు ముసలాడు!"

"ఆయన ఇంటికొచ్చి చూడొద్దన్నాడన్నావుగా?" అంది భార్య.

"ఇంజన్ల సంగతి నీకేం తెలుసు?" అని ఒవీదియో ఇత్తడి స్క్రూని చుట్టున్నర వదులు చేశాడు. వీధి చివరిదాకా తోలి చూశాడు. కారు లేడిపిల్లయిపోయింది. పొగ కూడా సగానికి తగ్గిందన్నాడు. సుల్మా దగ్గుతూ అవునంది.

ఆదివారం మధ్యాహ్నం పుల్లలకు గుచ్చిన పంది మాంసం కాలుతున్న వాసన మధ్య రెండు కార్లూ బయల్దేరాయి. సగం దూరందాకా చాగో రెండు కార్ల పొడవు ముందున్నాడు. అప్పుడు అతని ఇంజన్‌లో డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడైంది. తర్వాత చిన్న టప్‌మన్న మోత. తర్వాత తెల్లటి పొగ. ఒవీదియో నల్లటి పొగతో దాన్ని దాటి గెలిచాడు.

జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. ఒవీదియో బానెట్ లేపి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. "మేస్త్రీ పనితనం కాదు తమ్ముళ్ళూ, ఇదిగో, ఈ స్క్రూ. నేను తిప్పాను!" అని వేలితో ముట్టుకున్నాడు. స్క్రూ ఊడి చేతిలోకొచ్చింది.

పెట్రోలు చిమ్మలేదు. తిరుగుతున్న ఇంజన్ తడబడలేదు. స్క్రూ వదిలిన కన్నంలో, లోపలికి ఏ దారీ లేకుండా, గట్టి ఇనుము కనిపించింది.

ఈలోపు పక్కన మిగతావాళ్ళు మొదలెట్టారు. "నేను అర చుట్టే తిప్పాను బావా, కారు ఎగిరింది." "నేను రెండు చుట్లు. ముసలాడికి చెప్పకండి."

ఒవీదియో స్క్రూ జేబులో వేసుకుని తిన్నగా గరాజ్‌కి వెళ్ళాడు. "మేస్త్రీ, ఇదేంటి?"

"స్క్రూ."

"ఏం చేస్తుందది?"

"ఏమీ చెయ్యదు. అసలుది అడుగున ఉంది. మూతేసి అతికేశాను."

"మనుషులకి అబద్ధం చెప్పనంటావ్!"

"నేనేం చెప్పాను? స్క్రూ పెట్టాను. తిప్పమన్నానా?" దోన్ మొదెస్తో మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మొదట్లో నిజమే చెప్పేవాణ్ణి, ముట్టుకోవద్దని. మూడు ఇంజన్లు మాడ్చారు. అందులో ఒకడు ఐస్ బండివాడు. బండి లేక ఆర్నెల్లు చెల్లెలింట్లో పడి తిన్నాడు. మీ చేతులు ఎలాగూ ఊరుకోవు. వాటికీ ఓ పని చూపించాను."

ఒవీదియోకి రేపటి రొట్టె గుర్తొచ్చింది. స్క్రూ తిరిగిచ్చాడు. ముసలాయన దాన్ని బిగించి, "నువ్వు బండి తోలడం మాత్రం పరమ దరిద్రంరా" అన్నాడు.

నెల తిరిగేసరికి చాగో తుక్కులోంచి మరో ఇంజన్ తెచ్చి బిగించుకుని, తల వంచుకుని దోన్ మొదెస్తో దగ్గరికే వచ్చాడు. తిట్లు తిని, కారు తీసుకుని, పొగ కక్కుకుంటూ బేకరీ ముందు ఆగాడు.

"పొగ చూడు బావా! ముంచేశాడు. పరువు పోతోంది."

రొట్టెలు ఎక్కిస్తున్న ఒవీదియో అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఎవరికీ చెప్పకు. పైన ఇత్తడి స్క్రూ ఉందే, అది ఒక్క చుట్టు వదులు చెయ్యి. ఒక్కటే! ఎక్కువ తిప్పావంటే ఈసారి నన్ను దాటేస్తావ్."