వేములపల్లి కాలువలో సారమ్మ బాప్తిస్మం

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు నేరుగా వెళ్ళే దారుండగా నేను కోదాడ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళింది వేములపల్లి సారమ్మ కోసం. డెబ్భై దాటిన మనిషి. బతుకంతా నాట్లు వేసి, కలుపు తీసి, ఇప్పుడు బాప్తిస్మానికి సిద్ధపడింది. ఒక్కటే షరతు పెట్టింది: నీళ్ళల్లో ఇద్దరు బిడ్డలూ తనను చెరోపక్క పట్టుకోవాలి. చిన్నబిడ్డ సుగుణ తల్లి దగ్గరే ఉంటుంది. పెద్దబిడ్డ కరుణది కోదాడలో టిఫిన్ బండి. పోయిన క్రిస్మస్ కూడికలో కరుణ పాడుతున్న పాటను మధ్యలో సుగుణ అందుకుంది. అంతే! కరుణ మా సంఘానికి రావడం మానేసింది, ఆమెను చూసి కోదాడ పక్కనున్న చిలుకూరు వైపు కుటుంబాలు కూడా మానేశాయి. బాప్తిస్మం జరగాల్సిన సాగర్ కాలువకు ఆ రోజే నీళ్ళు ఆపుతారని కబురొచ్చింది. మళ్ళీ ఎప్పుడు వదులుతారో, అప్పటికి సారమ్మ ఒంట్లో శక్తి ఉంటుందో లేదో! కరుణను తీసుకురమ్మని సంఘ కాపరి నన్ను పంపారు.

పొద్దున్నే విజయవాడ వైపు బస్సెక్కితే గంటలో కోదాడ చేరుకోవచ్చు. దారంతా బైబిలు తెరిచి, ఐక్యత గురించిన వాక్యాలకు గుర్తులు పెట్టుకున్నాను. బండి దగ్గర నిలబడగానే మొదలుపెట్టాను. "క్రీస్తు శరీరమైన సంఘాన్ని చీల్చే హక్కు నీకెవరిచ్చారమ్మా!"

ఇడ్లీ తింటున్న లారీ డ్రైవర్ ఉలిక్కిపడ్డాడు.

"ఇక్కడ మైకు లేదన్నా," అంది కరుణ. "జర మెల్లగా మాట్లాడు, గిరాకీ పోద్ది."

"పాస్టరు గారూ, ముందు రెండు ఇడ్లీ తినండి," అన్నాడు డ్రైవర్.

"నేను పాస్టర్‌ని కాదు."

"మరి ఆ గొంతేందన్నా!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాతి గుర్తు దగ్గర పేజీ తిప్పితే దీర్ఘశాంతం మాట కనబడింది. ప్రేమతో ఒకరినొకరు భరించమని సంఘానికి చెప్పిన మాట. ముందు అది నాకే తగిలింది. బైబిలు మూసి, ముప్పై రూపాయల ఇడ్లీ తిని, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తూ కూర్చున్నాను. గిరాకీ తగ్గాక కరుణే నా వైపు తిరిగింది.

"మైకు కోసం అలిగాననుకుంటున్నావా? ఆ రోజు నా గొంతు పట్టేసింది. 'అక్కా, నేనందుకోనా' అని ఒక్క మాట అడిగితే ఏం పోయేది?"

జవాబుగా నా నాలుక మీద వాక్యం సిద్ధంగా ఉంది. మింగేశాను. "నిజమే తల్లీ," అన్నాను.

పిండి అయిపోయాక చేతులు కడుక్కుంది. "అమ్మ కోసం వస్తా. దాంతో మాట్లాడమని మాత్రం అడగొద్దు."

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు గంటన్నర పైనే పట్టింది. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు డబ్బుల్లేని జీరో టికెట్ కాబట్టి ఛార్జీ నాకొక్కడికే. రైస్ మిల్లులు దాటాక షేర్ ఆటోలో వేములపల్లి చేరాం. కాలువలో నీళ్ళు అప్పటికే నడుము కిందికి దిగాయి. కాపరి చెమటలు తుడుచుకుంటున్నారు. ఇంకాసేపైతే మునగడానికి నీళ్ళుండవని ఆయన తొందరపెడుతుంటే, తెల్లచీరలో మెట్ల మీద కూర్చున్న సారమ్మ కదలడం లేదు.

"కూసోని మునుగుత అయ్యగారూ. నా పెద్దబిడ్డ రానీయుండ్రి."

కరుణను చూడగానే లేచింది. అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడకుండా తల్లిని నీళ్ళల్లోకి దింపారు. కాపరి ప్రార్థించి ముంచుతుండగా సారమ్మ కాలు బురదలో జారింది. తల్లి వీపు వెనక ఇద్దరూ ఒకరి మణికట్టు ఒకరు దొరకబుచ్చుకున్నారు.

"అక్కా, ఇడ్వకే!"

"ఇడ్వలేదే పిచ్చిదానా! నువ్వు గట్టిగ పట్టుకో."

సారమ్మ దగ్గుతూ, నవ్వుతూ పైకి లేచింది. గట్టెక్కాక సుగుణ ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఆనాడు నిన్ను అడగాల్సుండె అక్కా."

"ముందు అమ్మ తల తుడువ్," అంటూ కరుణ తన కొంగు కూడా అందించింది.

చిలుకూరు కుటుంబాలు ఇంకా సంఘానికి తిరిగి రాలేదు. కరుణ కూడా ఆదివారం వస్తానని మాటివ్వలేదు, "చూద్దాంలే అన్నా," అంది. ఐక్యత కోసం గొంతు చించుకోవడం నాకు బాగా వచ్చు. కానీ ఆ రోజు ప్రభువు నా నోటితో చేయించుకున్న పని తక్కువ, మంచినీళ్ళ గ్లాసులతో చేయించుకున్నదే ఎక్కువ. ఆయన కూడా నన్ను అంతే ఓపికగా భరిస్తున్నాడు కదా!

బాప్తిస్మం కోసం సాగర్ కాలువకు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. నీళ్ళు ఎప్పుడు వదులుతారో అక్కడి రైతులను ముందే అడగండి. అడుగున బురద జారుతుంది కాబట్టి పెద్దవాళ్ళకు చెరోపక్క మనిషి ఉండాలి. ఆ ఇద్దరూ మాట్లాడుకోని వాళ్ళయినా సరే, ఓపికపట్టి తీసుకెళ్ళండి.