కొత్త సీడీలో లేని గొంతు

మేడ్చల్ బస్టాండు ఎదురు సందులో, జిరాక్స్ షాపు పైనున్న మేడగదిలో కంప్యూటర్ గేముల సెంటరు ఒకటి ఉండేది. ఇంటర్ చదివే రోజుల్లో నేను కాలేజీలో కంటే అక్కడే ఎక్కువ కనిపించేవాణ్ణి. మా నాన్న ఉద్యోగరీత్యా గోదావరి వైపు నుంచి వచ్చి బహదూర్‌పల్లిలో ఇల్లు తీసుకున్నారు. నన్ను ఇంజనీరును చేసి తీరాలని ఆయన పట్టుదల. నేనేమో ఆ మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, చెమటవాసన కొట్టే ఆ గదిలో కూర్చుని రాజ్యాలేలుతుండేవాణ్ణి.

నా పక్క కుర్చీ ఎప్పుడూ నా స్నేహితుడిదే. వాడిది శామీర్‌పేట. చెరువు మీద చేపలు పట్టి బతికే ఇల్లు. వీడు చిన్న తరగతుల్లో ఉండగానే వాళ్ళ బాపు పచ్చకామెర్లతో పోయాడు. తల్లి కూలికి వెళ్ళేది. అవ్వ, అంటే బాపును కన్న తల్లి, చేపల గంప ఎత్తుకుని బస్సెక్కి మేడ్చల్ అంగడికి వచ్చేది.

మేమాడే గేములో ముందు ఊరు కట్టాలి. కట్టెలు కొట్టించాలి, చేపలు పట్టించాలి, సైన్యం పెంచుకుని పక్కవాడి ఊరి మీద పడాలి. అందులో ఏ మనిషి మీద మౌస్ నొక్కినా ఒక మాట పలికేవాడు. అది ఏ దేశపు భాషో, అసలు భాషేనో కాదో దేవుడికే తెలియాలి. మా చెవులు ఊరుకుంటాయా? అందులో తెలుగు వెతుక్కునేవి. కత్తి పట్టిన సిపాయి "పోరా పో" అంటాడని అందరం ఒప్పుకున్నాం. కట్టెలు కొట్టేవాడు "ఆకలైతాంది" అంటాడని సెంటరు నడిపే అన్న వాదన. కాదు, "ఆ కల్లేది" అని కల్లు అడుగుతున్నాడని ఇంకొకడు. ఈ గొడవతోనే మధ్యాహ్నాలు గడిచిపోయేవి.

ఒకరోజు నేను చేపలవాడి మీద నొక్కాను. పక్కనుంచి నా మోచెయ్యి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే వీడే.

"మల్ల నొక్కురా."

నొక్కాను.

"విన్నవా? వస్తున్న బిడ్డా అంటాండు."

నాకు అంతవరకూ ఏదో బొంగురు గొణుగుడులాగే వినిపించేది. వాడు చెప్పిన తర్వాత ఇంక వేరే ఏదీ వినిపించలేదు. వస్తున్న బిడ్డా. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు.

"నేను కట్ట మీద నిలవడి పిలిస్తే మా బాపు తెప్ప మీదికెల్లి గిట్లనే అంటుండె," అన్నాడు. వాడి కళ్ళు తెరమీంచి కదల్లేదు.

వాళ్ళింట్లో బాపు ఫోటో ఉంది. దండ వేసి, గూట్లో పెట్టారు. గొంతు ఎక్కడుంటుంది? ఆ ఇంట్లో టేపురికార్డరు అనే వస్తువే లేదు. అందుకని వాడు ఆ బొంగురు మాట కోసం సెంటరుకు రావడం మొదలుపెట్టాడు. సైన్యం పెంచేవాడు కాదు, కోట కట్టేవాడు కాదు. చెరువు నిండా చేపలవాళ్ళను దింపి ఒక్కొక్కడినీ నొక్కుతూ కూర్చునేవాడు. మేము ఆటలో వాడి ఊరు తగలబెట్టేసినా పట్టించుకునేవాడు కాదు. "ఏం రాజువిరా నువ్వు, పులుసు రాజువి!" అని అన్న ఏడిపిస్తే, "నాకు గదే సాలు తియ్యే," అనేవాడు.

కొన్నాళ్ళకు ఆ గేముకు కొత్త సీడీ వస్తోందని తెలిసింది. పాత గేము మీదే ఇంకొన్ని ఊళ్ళూ, ఇంకొందరు మనుషులూ కలిపి అమ్ముతారే, అది. అన్న దగ్గరికి గేముల గురించి రాసే ఇంగ్లీషు పత్రిక ఒకటి వచ్చేది. చదివి తెలుగులో చెప్పే పని నాది. మనుషులందరికీ ఇంకా ఎక్కువ మాటలు పెడుతున్నారట అని చదివాను. వీడు లేచి నిలబడ్డాడు.

"చేపలోనికి గూడనా?"

"అందరికీ అని రాశారు."

"అయితే అవ్వను తోలుకొస్త," అన్నాడు. "గా కొత్త సీడీ రానీ. గప్పుడు ఇంకిన్ని మాటలంటడు. మా అవ్వ ఇనాలె."

ఆ రాత్రే చెప్పేసినట్టున్నాడు. ఆ తర్వాత అంగడిలో నేను ఎదురుపడితే చాలు, ఆమె గంప దించి అడిగేది. "ఏం కొడకా, వచ్చిందా గది? మా ఓడు మాట్లాడతాండంట గద." వస్తుందవ్వా, వస్తుంది అనేవాణ్ణి.

వచ్చింది. సికింద్రాబాద్ వెళ్ళి అన్న స్వయంగా తెచ్చాడు. కంప్యూటర్లన్నిటిలోనూ పాతదాని మీదే ఎక్కించాడు. ఆ రోజు యాప్రాల్ నుంచి కూడా పిల్లలు వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. గంట తిరక్కుండానే గదంతా తిట్లతో నిండిపోయింది. కొత్త ఊళ్ళన్నారు, చూస్తే పాత ఊళ్ళ మీదే మంచు పోశారు. శత్రువు సైన్యం గోడకు మొహం పెట్టి నిలబడిపోతోంది. కోట కట్టగానే గేము ఆగిపోతోంది. "బేకార్ గాళ్ళు! దీనికోసమా ఇన్ని రోజులు పరేషాన్ అయింది?" అని అన్న మౌస్ విసిరికొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోటికొచ్చినవన్నీ నేనూ తిట్టాను.

వీడు మాత్రం ఏమీ తిట్టలేదు. చేపలవాణ్ణి చెరువులోకి దింపి నొక్కాడు. ఎవడో కుర్రవాడి గొంతు, రేడియోలో వార్తలు చదివినట్టు, శుభ్రంగా ఏదో అంది. మళ్ళీ నొక్కితే ఇంకో మాట. ఇంకోసారి నొక్కితే ఇంకోటి. మాటలు నిజంగానే పెరిగాయి. ఆ బొంగురు గొంతు ఎక్కడా లేదు.

"ఈడెవడురా?" అన్నాడు నా వైపు తిరిగి.

పాతది మళ్ళీ ఎక్కించమని అన్నను బతిమాలాం. పాపం, ఆయన పాత సీడీ వెతికి తీశాడు. దాని మీద గీతలే గీతలు. బనియన్‌తో తుడిచాడు, నోటితో ఊదాడు, ఒక్కో కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. లోపల గరగరమని తిరగడమే తప్ప ఏదీ దాన్ని చదవలేదు. అలాంటి నకలు ఇంకోటి దొరుకుతుందేమోనని సికింద్రాబాద్ కూడా వెళ్ళొచ్చాడు. ఇప్పుడందరూ కొత్తదే అమ్ముతున్నారట.

తర్వాతి నెల పత్రికలో ఆ సీడీని చీల్చి చెండాడారు. మంచు గురించీ, గోడకు నిలబడ్డ సైన్యం గురించీ, మేం తిట్టినవన్నీ అందులో ఉన్నాయి. నేను గట్టిగా చదివి చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. చివర్లో ఆ రాసినాయన ఒక్క విషయం మెచ్చుకున్నాడు. మనుషుల మాటలన్నీ కొత్తగా రికార్డు చేశారు, పాత గొణుగుడు పోయింది, ఇంత నాసిరకం సరుకులో బాగున్నది అదొక్కటే అని. అదీ అదే ఊపులో చదివేశాను. చప్పట్లు ఆగిపోయాయి.

"బాగున్నదంటనా?" అన్నాడు నా స్నేహితుడు.

ఎక్కడో కూర్చుని రాసినవాడికి ఏం తెలుస్తుంది, అతని తప్పేముంది అని ఇప్పుడు అనుకోగలను. అప్పుడు మాత్రం ఆ రాసినవాడు ఎదురుగా ఉంటే గొంతు పట్టుకునేవాణ్ణి.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మెట్ల మీద చేపల వాసన వచ్చింది. అవ్వ. ఖాళీ గంప గుమ్మం దగ్గర పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"నువ్వు తోలుకపోతలేవని నేనే వచ్చిన. ఏదీ, ఇనిపియ్యి."

"ఇప్పుడు లేడే అవ్వా. మార్సిన్రు."

"ఏంది మార్సేది? మనిషిని మారుస్తరా? నొక్కు."

అన్న తన కుర్చీ ఇచ్చాడు. నేను ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. వీడు నొక్కాడు. అవ్వ కళ్ళు మూసుకుంది. గదిలో అందరం ఆట ఆపేసి ఆమె మొహమే చూస్తున్నాం. అవునంటే బాగుండునని, అబద్ధమైనా అనాలని నేను ఎంత కోరుకున్నానో!

అవ్వ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గీడెవడో సదువుకున్నోడు. మనోడు కాదు బిడ్డా."

"మొదలు ఉన్నోడు వేరే అవ్వా. గాడు సేమ్ బాపే. గొంతు గిట్ల బొంగురుగ..."

"బొంగురా?" అవ్వ వాడి వైపు వింతగా చూసింది. "మీ బాపుది సన్న గొంతు గదరా. ఆడపిల్ల లెక్క మాట్లాడుతడని ఊరంత నవ్వుతుండె. నీకు ఎర్కలేదా?"

"కాదే అవ్వా. బొంగురుగనే ఉంటుండె. నేను ఇన్న."

"నేను కన్న గదరా ఆన్ని," అంది అవ్వ. కోపంగా అనలేదు. వాడి గదమ పట్టుకుని తన వైపు తిప్పుకుంది. తర్వాత, అంతమంది మగపిల్లల మధ్య, చెరువు కట్ట దాకా వినిపించాలన్నంత సాగదీసి, సన్నటి గొంతుతో పలికింది. "వస్తు...న్న బిడ్డా!"

వాడు వింటున్నాడు. కళ్ళు చిట్లించి, బలంగా ఏదో గుర్తుతెచ్చుకోవాలని చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ ఆ గేములో విన్న గొంతే వాడి చెవుల్లో మిగిలింది.

అవ్వ మళ్ళీ అంది. ఈసారి ఇంకా సన్నగా, కొడుకు ఎలా పలికేవాడో అచ్చం అలాగే రావాలని.

"యాదికొస్తలేదే అవ్వా," అన్నాడు వాడు, ఏడుస్తూ. "ఇంకోపాలి అనే."

ఆమె ఇంకోసారి అంది.