ఖాళీ అనుకుని తీసేసినవి

1997 జూలై, మంగళవారం. మంచినీళ్లు పట్టాను. ఇడ్లీకి పప్పు నానబోశాను. గ్యాస్ బుక్ చేశాను. పనుల పుస్తకంలో రాసుకున్న నాలుగో పని మొదలుపెట్టేలోపే, మా తార్నాక ఇంటి పైవాటాలో ఉండే అక్క ఆసుపత్రిలో పోయిందని కబురు వచ్చింది.

అక్క యూనివర్సిటీ క్యాంపస్‌లో కంప్యూటర్ మీద తెలుగు టైపు చేసేది. రెండేళ్ల కిందట నన్నూ మధ్యాహ్నాలు వెంట తీసుకుపోయి పని నేర్పింది. చెప్పులు గది బయట విడిచి, కీబోర్డు మీది గుడ్డ నాలుగు మడతలు పెట్టాకే కుర్చీలో కూర్చునేది.

అప్పుడే అడిక్‌మెట్‌లో గది తీసుకుని చదువుకునే ఒకమ్మాయి థీసిస్ మా చేతికి వచ్చింది. మర్నాడు పన్నెండులోపు ఆఫీసులో ఇవ్వకపోతే ఆమె ఇంకో ఏడాది ఆగాలి. గుర్తులన్నీ కనిపించే తెర తెరిచి చూస్తే, చాలా పేర్ల మధ్యలో ఏదో చిన్న గుర్తు. అచ్చులో రానిది ఎందుకులే అని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు అన్నీ తీసేశాను.

సాయంత్రం ప్రింటు చూసి అమ్మాయి మొహం పాలిపోయింది.

"మా అమ్మ పేరు గిట్లయిందేంది మేడం?"

గ్రేస్‌మణి అనే పేరులో 'మ' వెళ్లి 'స' కింద ఇరుక్కుంది. ఏ పేజీ తిప్పినా అలాంటి పేరు ఒకటి.

అక్క నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "నాదే పొరపాటు బిడ్డా. రేపు పొద్దుగాల్ల రా, చేసిస్త" అంది.

అమ్మాయి వెళ్లాక అక్క నవ్వింది. "ఖాళీ జాగా అనుకొని, ఉన్నోళ్లను ఇల్లు ఖాళీ చేయించినవ్ గదనే! ఆ గుర్తు కనవడది, జాగా తీసుకోదు. రెండక్షరాల నడుమ నిలవడి, కలవకుండ్రి అంటది. అంతే దాని పని."

మర్నాడు ఏడింటికే కూర్చున్నాం. నేను పేరు చూపించేదాన్ని, అక్క ఒక్క మీట నొక్కేది. తెర మీద కొత్తగా ఏదీ పడేది కాదు. కింద వేలాడుతున్న అక్షరం మాత్రం లేచి పక్కన నిలబడేది. ఏమీ లేని చోట ఇంత పని జరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. పదకొండున్నరకు చివరి పేజీ వచ్చింది. అమ్మాయి కాగితాలు గుండెకు అదుముకుని ఆఫీసుకు పరుగెత్తింది.

తప్పు నాదని ఆమెకు చెప్పలేకపోయాను. అక్క కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇవాళ పైవాటా మెట్ల మీద ఆ అమ్మాయి కనిపించింది. ఇప్పుడు లాలాపేట్‌లో టీచరు. "ఆ రోజు గుర్తులు తీసేసింది నేనే. అక్క తన మీదేసుకున్నది" అన్నాను.

ఆమె పైకి, తలుపు దగ్గర విడిచిన చెప్పుల గుంపు వైపు చూసింది.

"గిన్నొద్దులు కడుపుల వెట్టుకున్నవా ఆంటీ? కూసో" అని జరిగింది.

ఆ మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. ఇంటికొచ్చి పనుల పుస్తకంలో ఇంకో వరుస రాశాను: అక్కకు పడ్డ బాకీ, చెల్లు.