బావి ఒడ్డున బాపమ్మ

ఎనభైల మొదట్లో నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నప్పుడు మా కాలేజీలో ఆటలు ఆడించే పీడీ సారుకు ఒక పిచ్చి పట్టుకుంది. ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా చేసే పందెం విదేశాల్లో ఉందని ఏదో పత్రికలో చదివాడట. మనమూ పెడదామన్నాడు. మడికొండ దగ్గర చెరువు ఈదాలి, అక్కడి నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా సైకిలు మీద పోయి రావాలి, ఆ పైన ఖిలా వరంగల్ రాతి ద్వారం దాకా పరుగెత్తాలి. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఉరికేవాళ్లు ఎవరో తెలియకముందే ఆయన బహుమతులు కూడా కొనిపెట్టాడు. ఆడపిల్లల్లో ముగ్గురం పేరిచ్చాం. చలి ముదరకముందే ఇద్దరు మానుకున్నారు.

నేను మానలేదంటే అది ధైర్యం కాదు, ఉక్రోషం. టైపు సగంలో మానేశాను, కుట్టు మిషను సగంలో మానేశాను, హిందీ పరీక్షలు సగంలో మానేశాను. మా ఇంట్లో నన్ను ఆరంభశూరురాలు అనేవాళ్లు. అన్నం సగంలో వదిలినా అదే మాట. ఒక్కటి, జన్మకొక్కటైనా చివరిదాకా చేసి వీళ్ల నోళ్లు మూయించాలని నా పంతం.

మాది వరంగల్ బజారులో కిరాణా కొట్టు. బాపు పెట్టిన షరతు ఒక్కటే, ఒంటరిగా పోవద్దని. అమ్మకు పొద్దున ఇంటి పని, అన్నకు కొట్టు తెరిచే పని. ఎవరు పోతారని అందరూ మొహాలు చూసుకుంటుంటే బాపమ్మ, అంటే బాపు వాళ్లమ్మ, తాను పోతానంది. మేమంతా నోళ్లు వెళ్లబెట్టాం. ఎందుకంటే బాపమ్మ బావి అంటేనే ఆమడ దూరం పోయే మనిషి. మా పెరట్లో చేదబావి మీద పలకలు కొట్టించి మూయించింది ఆమే. చిన్నతనంలో మేము బంతి కోసం ఆ పలకల మీద ఎక్కితే వీపు విమానం మోత మోగించేది. అలాంటి మనిషి నేను బావిలో ఈదుతుంటే ఒడ్డున కూర్చుంటానంది.

ఖిలాలో మట్టికోట లోపల పొలాలుంటాయి. మా కొట్లో సరుకులు కొనే ఒక రైతు తన బావిలో ఈదనిచ్చాడు. పొద్దెక్కేదాకా మోటారు వేయనని, మగవాళ్లను అటు రానివ్వనని మాటిచ్చాడు. తెల్లవారుజామున బాపమ్మను సైకిలు క్యారియర్ మీద ఎక్కించుకొని తొక్కేదాన్ని. బాపమ్మ బక్కమనిషేం కాదు. ఒక చేత్తో నా నడుము, ఒక చేత్తో నశ్యం డబ్బీ పట్టుకొని, గుంత వచ్చినప్పుడల్లా నన్నే తిట్టేది. పీడీ సారు తొడలకు బలం రావాలని ఏవేవో కసరత్తులు చెప్పేవాడు గానీ, నా కసరత్తు నా వెనకే కూర్చునేది.

అన్న పాత నిక్కరు, బాపు పాత అంగీ వేసుకొని మెట్లు దిగేదాన్ని. చలికాలం బావి నీళ్లు వెచ్చగా ఉంటాయి. దిగాక సుఖమే, దిగడమే ఏడుపు. అది పెద్ద బావే గానీ ఎంత పెద్దదైనా బావే కదా. గోడను కుడి చేతి పక్కన పెట్టుకొని గుండ్రంగా తిరగడం తప్ప దారి లేదు. గానుగెద్దులా గంటసేపు తిరిగేదాన్ని.

మొదటి రోజే బాపమ్మ ఒక రివాజు పెట్టింది. నేను ఆమె కూర్చున్న చోటు దాటినప్పుడల్లా పైనుంచి అడిగేది.

“ఉన్నవా?”

“ఉన్న.”

పలకకపోతే ఊరుకునేది కాదు, లేచి నిలబడి అరిచేది. మాట్లాడితే ఊపిరి చెడుతుందని, మొహం నీళ్లలో పెట్టి ఈదాలని పీడీ సారు చెప్పాడంటే, “ఆయిననే బాయిల ఈదుమను” అంది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. చివరికి నేను తల పైకెత్తి ఈదే ఊరి ఈతే ఈదాను. చుట్టుకొక్కసారి పలుకుతూనే ఊపిరి సర్దుకోవడం నేర్చుకున్నాను.

రెండు నెలలు గడిచేసరికి నాకు అన్నిటి మీదా విసుగు పుట్టింది. మోకాలి చిప్ప కింద సూదులు గుచ్చినట్టుండేది. క్లాసులో కూర్చుంటే కళ్లు మూతలు పడేవి. బజారులో కొట్ల ముందు నుంచి పరుగెత్తుకుంటూ వస్తుంటే, ఏ కుక్క తరుముతోంది బిడ్డా అని అడిగేవాళ్లు. ఒకసారైతే సరే, రోజూ అదే హాస్యం. నెలకు మూడు రోజులు బయట కూర్చోవాల్సి వస్తే, మామూలుగా ఆ ఆచారాన్ని తిట్టుకునే నేను, ఒళ్లు మరిచి నిద్రపోయి దానికి దండం పెట్టాను. నాలుగో రోజు లేవాలంటే మళ్లీ దుఃఖం వచ్చేది. ఈ పందెం గెలిస్తే ఏమొస్తుంది, ఓడితే ఏం పోతుంది అని మనసు లెక్చర్లు ఇచ్చేది. మనసు చెప్పినవన్నీ నిజాలే, అదే ఇబ్బంది.

ఒక పొద్దున లేచి, ఇక పోనని తేల్చుకున్నాను. వాకిట్లోకి వస్తే బాపమ్మ చెవులకు గుడ్డ కట్టుకొని సైకిలు పక్కన నిలబడి ఉంది. ఇవాళ్టి నుంచి మానేస్తున్నా, నువ్వు హాయిగా పడుకో అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె అరుగు మీద కూలబడింది.

“నాకొక చెల్లె ఉండె. నీకు తెల్వది, మీ బాపుకు గూడ తెల్వది. నా ఎనుక పుట్టింది. ఒకనాడు పొద్దుగాల నీళ్లకని పోయింది. బిందె తీసుకపోలె. నేను వాకిలూడుస్తాన. బిందె లేకుంట పోతాందని చూసిన. పిలుద్దామనుకున్న. ఊడుసుడయినంక పిలుద్దాం తియ్యి అనుకున్న.”

ఆగి నశ్యం డబ్బీ మూత తీసింది, మళ్లీ పెట్టేసింది.

“బాయిల వడ్డది. ఒడ్డు మీద ఎవ్వలు లేకుండె బిడ్డా. ఇన్నేండ్లకు నువ్వు దిగుతాంటే నేను పిలుస్తాన, నువ్వు పలుకుతానవ్. ఇంటికచ్చినంక నాకు నిద్ర పడుతాంది. నీకు వద్దంటె వద్దు. నా ఫికర్ చెయ్యకు.”

ఫికర్ చెయ్యకు అంటే చెయ్యకుండా ఉంటామా? నాకు భయమేసింది. నా ఒంటి నొప్పులు నేను పడగలను గానీ, ఇంకొకరి నిద్ర నా ఈత మీద ఆధారపడటం ఏమిటని కోపం కూడా వచ్చింది. ఆ కోపంతోనే సైకిలు స్టాండు తీశాను. ఆ తర్వాత మానేద్దామన్న ఆలోచన రాలేదని అనను, రోజూ వచ్చేది. కానీ అప్పటికే బాపమ్మ క్యారియర్ మీద ఎక్కి కూర్చుని ఉండేది.

పందెం శివరాత్రి దాటాక జరిగింది. ముందు రోజే మడికొండలో చుట్టాలింట్లో దిగాం. తెల్లవారి కట్టెక్కి చెరువు చూశాను. అవతలి ఒడ్డున పెట్టిన సైకిళ్లు చీమల బారులా కనిపించాయి. బాపమ్మకు అవి కూడా కనిపించలేదు, కళ్లలో శుక్లాలు. కట్ట మీద రాతి మెట్ల దగ్గర కూర్చుంది. సారు ఈల ఊదాడు, అందరితో పాటు నేనూ దిగాను.

చెరువు నీళ్లు చల్లన. పక్కన గోడ లేదు. కాసేపు ఈదాక అలవాటుగా పిలుపు కోసం చూశాను, అది రాలేదు. ఇంతమంది జనంలో బాపమ్మకు పిలవడానికి సిగ్గేసిందని తర్వాత తెలిసింది. నేను మాత్రం కళ్లు మూసుకొని, రెక్కలు ముక్కలు చేసుకొని ఈదుతున్నాను. తెప్ప మీద ఉన్న చేపలు పట్టే అతను ఏదో అరుస్తున్నాడు, నన్ను హుషారు చేస్తున్నాడనుకున్నాను. కాళ్లకు రాయి తగిలింది. చేరానని కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా బాపమ్మ.

నాలుగు నెలలు ఎడమకు తిరిగిన ఒళ్లు చెరువులో కూడా ఎడమకే తిరిగింది. సున్నా చుట్టి మొదలుపెట్టిన చోటికే వచ్చాను. కట్ట మీద జనం నవ్వారు. నవ్వక ఏం చేస్తారు? నాకు ఏడుపు ఆగలేదు. ఇంట్లో చెప్పుకోవడానికి ఇంకో సగం కథ దొరికిందనిపించింది. మళ్లీ మొదటి నుంచి ఈదితే ఒప్పుకుంటానని సారు చెప్పినా నేను కదల్లేదు.

అప్పుడు చూశాను, బాపమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు తేలుతున్నాయి. నన్ను చూసి ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియదు.

“మల్ల పో. నేను పిలుస్త” అంది.

పోయాను. వెనక నుంచి పిలుపు మొదలైంది. ఉన్నవా, ఉన్న. కొంతసేపటికి ఒక సంగతి అర్థమైంది. పిలుపు ఎడమ చెవిలో పడితే నేను ఎడమకు తిరిగిపోతున్నట్టు. సరిచేసుకుంటే పిలుపు మళ్లీ నేరుగా వీపు వెనక నుంచి వచ్చేది. అలా దిద్దుకుంటూ ఈదాను. నడి చెరువు దాటాక పిలుపు సన్నగిల్లి ఆగింది. నేను పలకడం ఆపలేదు. అవతలి ఒడ్డెక్కి రెండు చేతులూ ఊపి, సైకిలెక్కాను.

వెనక బాపమ్మ లేని సైకిలు గాలిలో తేలినట్టు పోయింది. ఘన్‌పూర్ దాకా ఇద్దరు మగపిల్లలను దాటాను. తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చెరువు కట్ట కిందే సైకిలు అప్పగించి పరుగు మొదలుపెట్టాలి. సైకిలు దిగుతుంటే కట్ట అవతల నుంచి ఏదో కీచు వినిపించింది, చిలుం పట్టిన గిరకలాగా. అది మనిషి గొంతని తెలియడానికి కొంచెం సమయం పట్టింది.

బాపమ్మ ఇంకా నీళ్లలోనే ఉంది. నేను ఒడ్డెక్కానని, సైకిలెక్కి పోయానని అక్కడున్నవాళ్లంతా చెప్పారట. తన చెవితో విననిదే నమ్మనందట. పైకి తీసుకురాబోతే చెయ్యి విదిలించిందట. పొద్దున నుంచి చెరువు వైపు చూస్తూ పిలుస్తూనే ఉంది.

నేను దాటిన ఇద్దరూ నా ముందు నుంచే పరుగెత్తుకుంటూ పోయారు. నేను కట్టెక్కి, మెట్లు దిగి, నీళ్లలోకి పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి మంచులా ఉంది.

“ఉన్న బాపమ్మా.”

ఆమె నా మొహం తడిమింది. జుట్టు తడిమింది. పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. ఆమె నోటి దగ్గర చెవి పెడితే వినబడింది.

“నేను పిలుస్తే అది గూడ పలుకుతుండె గద బిడ్డా?”

  మెట్ల మీద కూర్చోబెట్టి కాళ్లు తుడిచాను. ఆమె నన్ను వేలితో పొడిచి, ఖిలా వైపు చూపించింది.

నేను చేరేసరికి రాతి ద్వారం దగ్గర సారు తప్ప ఎవరూ లేరు. అందరికన్నా వెనకనే, కానీ చివరిదాకా ఉరికాను. కాజీపేట రోడ్డు పొడుగునా, బజారులో కొట్ల ముందు, ఎవరూ పిలవకపోయినా “ఉన్న, ఉన్న” అంటూనే ఉరికాను.