కంగ్టి తాత కుడికన్ను

ఆ రోజుల్లో నారాయణఖేడ్‌లో మనిషి అందంగా కనిపించాలంటే పౌడరు, దువ్వెన అక్కర్లేదు. నేను తలుచుకుంటే చాలు. (ఇది నా అభిప్రాయం. ఊళ్ళో మరెవరూ దీన్ని బలపరచలేదు.) హైదరాబాదులో కొన్నాళ్ళు కంప్యూటరు నేర్చుకుని వచ్చి, బస్ డిపో దగ్గర మా కాక నడిపే ఫొటో స్టూడియోలో బ్రహ్మదేవుడికి అసిస్టెంటుగా కుదురుకున్నాను. ఆయన చేసి పంపిన ముఖాల్లో తప్పులు దిద్దడమే నా పని. మా స్కానరు ఇనప్పెట్టెంత ఉండేది. దాని మూలుగు విని డిపోలో డ్రైవర్లు ఎవరి బండి ఇంజను పోయిందోనని బయటికి పరిగెత్తుకొచ్చేవారు. ఇక కంప్యూటరైతే, ఒక్క మచ్చ తుడవమని చెప్పి కల్హేర్ సంతకు పోయి వంకాయలు కొనుక్కొచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది.

మాకు ఎక్కువగా వచ్చేవి పోయినవాళ్ళ ఫొటోలు. సంవత్సరీకానికి పటం కట్టించాలని ఇంట్లో ఉన్న చిన్న పాత ఫొటో ఏదో తెస్తారు. మేము దాన్ని స్కాన్ చేసి, తల మాత్రం కత్తిరించి, దానికి కోటూ టైలతో ఉన్న మొండెం అతికించి, వెనకాల నీలిమబ్బులు పెట్టి ఇవ్వాలి. మా కంప్యూటర్లో కోటున్న మొండెం ఒక్కటే ఉండేది. దాంతో చుట్టుపక్కల మండలాల స్వర్గస్థులందరూ అదే కోటుతో గోడలెక్కారు. పైన వాళ్ళంతా ఒకచోట చేరితే ఇంద్రుడు బ్యాండుమేళం వచ్చిందనుకుని ఉంటాడు.

ఒక రోజు పొద్దున్నే కంగ్టి నుంచి ఒక అవ్వ వచ్చింది. కొంగుముడి విప్పి, పత్తిచేలో నిలబడ్డ ముసలాయన ఫొటో తీసి నా చేతిలో పెట్టింది. “బిడ్డా, గీ ఒక్కటే ఉన్నది. ఇంకోటి దిగుమంటే దిగలే. రేపే ఏడాది. సుట్టాలంత వస్తరు. మా ముసలాయన మంచిగ కనబడాలె” అంది. ఆ మాటల్లో ‘మంచిగ’ ఒక్కటే నా చెవిన పడింది.

ఆమె సామాను కొనడానికి బజారుకు పోగానే నేను విజృంభించాను. నుదుటి ముడతలు దున్ని చదును చేశాను. చెంప మీది మచ్చను బూజు అనుకుని తుడిచేశాను. ఎండలో మాగిన ఒంటిరంగును పాలమీగడలో ముంచి తీశాను. కుడికన్ను సగం మూసుకుని ఉంది. (పాపం, ఫొటో తీసేటప్పుడు రెప్ప వాల్చాడనుకున్నాను.) ఎడమకన్నును కాపీ చేసి, అటు తిప్పి, దాని స్థానంలో అతికించాను. కోటు తొడిగేసరికి తాతకు మళ్ళీ సంబంధాలు వచ్చేలా ఉన్నాయి. కాక చూసి, “అరే, ముసలాయన మల్ల పుట్టిండురా!” అని భుజం తట్టాడు.

అవ్వ తిరిగి రాగానే పటం చేతికిచ్చాను. ఒక్క చూపు చూసి, పరాయి మగవాడు ఎదురుపడ్డట్టు చటుక్కున కొంగు తలమీదికి లాక్కుని పక్కకు తిరిగింది.

“ఎవలు బిడ్డా గీయన? తహసీల్దారా?”

“మీ ముసలాయననే అవ్వా!”

“మా ముసలాయన ఏడి?” పటాన్ని బల్లమీద బోర్లించింది. “రేపు నేను ఎవలకు దండెయ్యాలె? గీ పరాయాయనకా?”

కాక నా వైపు తిరిగాడు. “అవ్వనెందుకు పరేషాన్ చేస్తున్నవ్‌రా? జల్దీ మల్ల చెయ్యి. కంగ్టి బస్సు పోతే ఇగ రేపు ఉత్తగోడకు దండెయ్యాలె.”

అవ్వను నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని, ఫొటో మళ్ళీ స్కాన్ చేసి, దాన్ని చూస్తూ నేను దిద్దిన ముఖాన్ని వెనక్కి మార్చడం మొదలుపెట్టాను. ఆమె కొంగు చాటునుంచే ఆజ్ఞలు జారీ చేసింది. “ఇంకింత నలుపుండాలె. ఆయనేమన్న నీడపట్టున కూసున్నడా? గా మచ్చ ఉండనియ్యి, ఎద్దు కొమ్ము తాకింది గది. గీ కన్నేంది, గిట్ల తెరిచినవ్?”

“ఫొటోల మూసుకుంటే తెరిపించిన అవ్వా.”

“మూసుకునుడు కాదు, పుట్టినకాడికెల్లి గట్లనే. నన్ను సూడొచ్చిననాడు అందరి ముంగట కన్ను కొట్టిండనుకున్న. ఎంత ధైర్యమున్నది పిలగానికని ఒప్పుకున్న. పెండ్లయినంక సూస్తే ఎద్దుకు గూడ కొడ్తుండు!”

కాక నవ్విన నవ్వుకు నమూనాకని గోడకు తగిలించిన కోటువాళ్ళంతా ఒకసారి కదిలారు. తెర మీద కుడికన్ను మెల్లగా, సగం మూసుకుని, తిరిగి వచ్చింది. అవ్వ తలమీది కొంగు దించింది. “ఆఁ... గిప్పుడొచ్చిండు” అంది, నాతో కాదు.

నేను సిగ్గుపడి కోటు కూడా తీసేయబోయాను. “ఆగు బిడ్డా, అది ఉండనియ్యి. పెండ్లినాడు తొడుగుమంటే ఉడుకపోస్తదని తొడుగలే. ఇప్పుడెట్ల ఇడుస్తడో సూస్తా.”

కొత్త పటం పట్టుకుని కాక కదులుతున్న బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. తాత తనకే కన్ను కొట్టాడనుకున్నాడో ఏమో, డ్రైవరు నవ్వుతూ బ్రేకు వేశాడు.

ముఖాలు దిద్దే పని ఇప్పుడు నా చేతిలోని ఫోను అడక్కుండానే చేస్తోంది. మొన్న సెల్ఫీ తీసుకుంటే, నేను జన్మంతా కష్టపడి సంపాదించిన ముడతలన్నీ తుడిచేసి, పాలమీగడలాంటి కుర్రాణ్ణి చూపించింది. మురిసిపోయి మా ఆవిడకు చూపించాను. (ఈ కథ ఆమె పెళ్ళయిన నాటినుంచీ వింటోంది.) ఆమె చటుక్కున కొంగు తలమీదికి లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను అద్దం ముందుకు పోయి, నా ముడతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని చూసుకుని, అందులోని ముసలాయనకు కుడికన్ను కొట్టాను.