నడిదారిలో పని

మొన్న చోడవరంలో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్ళాం. ముందు వరసలో మెత్తటి సోఫాలు ఖాళీగా ఉన్నా, నేను వెళ్ళి వెనక గుమ్మం పక్కన, చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాను. పెళ్ళికి వచ్చానా, కాపలాకి వచ్చానా అని మా అమ్మాయి వేళాకోళమాడింది. దీని వెనకున్న సంగతి, అది చదువుకోసం విశాఖలో హాస్టల్లో ఉన్న రోజుల్లో జరిగింది కాబట్టి దానికి పూర్తిగా తెలీదు. గుమ్మం పక్కన కూచోడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదని నాకు నేర్పింది మా తోటికోడలు. బిర్యానీ చల్లారిపోతున్నా ఆ సాయంత్రమంతా ఆవిడ గురించే ఆలోచిస్తూ కూచున్నాను.

మా తోటికోడలంటే మా బావగారి భార్య. బుచ్చయ్యపేట దగ్గర పల్లెలో ఉంటుంది, చెరకూ వరీ సాగు. గొంతు పెద్దది, నడక వడి, ఎవరింటి సంగతిలోనైనా ఆవిడకో అభిప్రాయం ఉంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడంటే నాకు భయం, తరవాత కొన్నాళ్ళు విసుగు. నేనేమో చోడవరంలో ఉంటూ, రావికమతం దగ్గర ఒక ఊళ్ళో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే టీచర్ని. రోజూ షేర్ ఆటోలోనే రాకపోకలు. ఆ ఆటోలో ముగ్గురి సీట్లో ఐదుగురం కూచోడం, ఒకరి కేరియరు ఇంకొకరి ఒళ్ళో పెట్టుకోవడం నాకెప్పుడూ కష్టమనిపించలేదు.

ఫేక్టరీకి చెరకు తోలే రోజులవి. ఒక ఉదయం మా ఆటో చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయింది. ముందూ వెనకా కదిలే దారి లేదు. ఎండ, డీజిలు పొగ, పచ్చి చెరకు వాసన. ఉన్నట్టుండి నా గుండె దడదడలాడింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఊపిరందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. పక్కనున్నావిడ ఫిట్సని కేకేసింది. మా వైపు ఫిట్సంటే చేతిలో ఇనుము పెట్టాలి కదా, డ్రైవరు వెంటనే ఇంజనాపి తాళం తీసి నా గుప్పిట్లో కుక్కాడు. అది చాలదని చెరకు నరకడానికి వెళ్తున్న ఒకాయన తన కత్తి రెండో చేతిలో పెట్టాడు. మొత్తానికి నేను కాసేపటికి తేరుకునేసరికి, ట్రాక్టర్లు ముందుకెళ్ళిపోయి రోడ్డు ఖాళీ అయింది, వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి, మా ఆటో తాళం మాత్రం నా చేతిలోనే ఉంది. వెనక ఆగిన బస్సులో వాళ్ళంతా తలలు బయటపెట్టి, కత్తి పట్టుకుని ఏడుస్తున్న టీచర్ని చూశారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

అనకాపల్లిలో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండెకేమీ లేదమ్మా, దీన్ని పేనిక్ ఎటాక్ అంటారని చెప్పాడు. మాత్రలిచ్చాడు, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పాడు. భయపడి ఇంట్లో కూచోవద్దని మరీ మరీ చెప్పాడు. నేను ఇంట్లోనే కూచున్నాను. ఎటాక్ వస్తుందన్న భయం కంటే, వచ్చినప్పుడు పదిమంది చూస్తారన్న భయం ఎక్కువైంది. కూరల బజారు మానేశాను, గుడి మానేశాను. బడికి పెట్టిన సెలవు అయిపోవచ్చింది. ఇంక వాలంటరీ రిటైర్మెంటు తీసేసుకుంటానని మా ఆయనతో అన్న రాత్రి, బళ్ళో పిల్లలు గుర్తొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఆ పిల్లలు తప్ప నాదంటూ నాకు ఇంకేముంది అనిపించింది.

ఆ మాట ఎలా చేరిందో, మర్నాడే మా తోటికోడలు బట్టల సంచీతో దిగింది. సోమవారం పొద్దున్న నా కేరియరు తనే కట్టి, నన్ను ఆటోలో చివర, గాలి తగిలే చోట కూచోబెట్టి పక్కన తను కూచుంది. ఊరు దాటగానే నాకు మొదలైంది. ఆవిడ నా మొహం కేసి ఒక్కసారి చూసి, తాపీగా డ్రైవరుతో, "ఆపు బాబూ, మాకిక్కడ పనున్నాది" అంది. అక్కడ చెరకు తోటలు తప్ప ఏమీ లేవు. ఇద్దరం దిగి గట్టు మీద కూచున్నాం.

"చచ్చిపోతానేమో అక్కా" అన్నాను.

"అనిపిస్తాది. సావవు. ఇంతకుముందు అనిపించినప్పుడల్లా సచ్చిపోయేవేటి? ఊపిరి వొదులు. నేనెక్కడికీ ఎల్లను."

అది తగ్గాక వెనక వచ్చిన ఆటో ఎక్కాం. అలా మాకు ఆ దారి పొడుగునా పనులే. ఎక్కడ దిగితే అక్కడ ఆవిడ నిజంగానే ఏదో పని పెట్టుకునేది. ఒకచోట వంకాయలు బేరమాడింది, ఒకచోట కరివేపాకు అడిగింది. ఒకింట్లో అయితే లేని పెళ్ళికొడుకుని పుట్టించి సంబంధం అడిగేసింది. ఆ ఇంటివాళ్ళు టీ ఇచ్చి, మర్నాటినుంచి రోడ్డు మీద కాపేసి అబ్బాయి వివరాలడగడం మొదలుపెట్టారు. చివరికి ఆవిడ తమ ఊళ్ళో నిజం పెళ్ళికొడుకుని వెతికి ఆ పిల్లకి పెళ్ళి చేయించాకే ఊపిరి పీల్చుకుంది. చూసేవాళ్ళకి మేం పనులున్న ఆడవాళ్ళమే, జబ్బు మనిషిని ఎవరూ చూడలేదు. నేను అలాగే అనుకున్నాను.

వాళ్ళ తోటలో చెరకు నరుకుడు మొదలవడంతో ఆవిడ వెళ్ళిపోయింది. మొదటిసారి ఒంటరిగా ఆటో ఎక్కాను. సగం దారిలో ఎటాక్ వచ్చేసింది. నోరు పెగల్లేదు, ఆపమని చెప్పలేకపోయాను. నేనడక్కుండానే ఆటో పక్కకి ఆగింది.

"టీచరుగారికి ఇక్కడ పనున్నాదండీ" అన్నాడు డ్రైవరు, నా వైపు తిరక్కుండా.

ఎవరూ ఏమిటని అడగలేదు. బడికి టైమైపోయిందని అంతవరకూ డ్రైవర్ని తిడుతున్న కుర్ర మేష్టారు కూడా గడియారం చూడడం మానేశాడు. దిగి గట్టు మీద కూచున్నాను. బుట్టతో ఉన్న ఒక ముసలావిడ నా వెనకే దిగి, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి నేను కనబడకుండా అడ్డంగా నిలబడింది.

"నెమ్మదిగా సూసుకో తల్లీ. మాకూ ఇక్కడ పనే" అంది.

ఆ క్షణంలో తెలిసింది, ఇన్నాళ్ళూ అందరికీ తెలుసని. సిగ్గేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ఏడుపొచ్చింది, కానీ అది వేరే ఏడుపు. తేరుకుని అదే ఆటో ఎక్కి బడికి వెళ్ళాను. సాయంత్రం మా తోటికోడలికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ, "అయితే నేనాడిన అబద్దాలన్నీ దండగేనేటే?" అంది. ఆ గొంతులో వణుకు నాకు తెలిసింది.

వచ్చే ఏడాది రిటైరవుతాను. ఎటాక్ ఇప్పటికీ ఎప్పుడైనా వస్తుంది, కాసేపుండి పోతుంది. అందుకే ఎక్కడికెళ్ళినా లేచి బయటికి వెళ్ళడానికి వీలుగా గుమ్మం పక్కనే కూచుంటాను. షేర్ ఆటోలో ఎవరి తొందర వాళ్ళది, ఒక్క నిమిషం ఆలస్యమైతే గొడవపడే మనుషులమే అందరం. అయినా ఆ పొద్దున్న వాళ్ళంతా కలిసి నాకోసం రోడ్డు పక్కన ఆగిన ఆ కాసేపట్లోంచే, ఆ తరవాత నేను బళ్ళో పిల్లలతో గడిపిన ఏళ్ళన్నీ వచ్చాయి.